నలభై సెకన్ల చేను

నేనొక సినిమా తీశాను. ఈ మాట కర్నూలులో మా వీధి టీ బంకు దగ్గర చెప్పాను, మోకాళ్ళ డాక్టరు దగ్గర వరసలో కూర్చుని చెప్పాను, ఆఖరికి తోపుడుబండి మీద కూరగాయలమ్మే ఆమెకు కూడా చెప్పాను. కథ, దర్శకత్వం, ఎడిటింగ్ అన్నీ మనవేనన్నాను. ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. ముప్పై ఏళ్ళకు పైగా బస్సు కండక్టరుగా చేసినవాడి మాటల్లో సగం తీసేసి వినడం మా వీధిలో అందరికీ అలవాటు.

ఇప్పుడు ఆ సగం నేనే తీసేస్తాను. అది ఎనిమిది నిమిషాల సినిమా. తీసింది నలుగురం. నా పనులు మూడు. కెమెరాకు ఎండ తగలకుండా గొడుగు పట్టడం, నీళ్ళ క్యాను మోయడం, నటించే మనిషి తువ్వాలు ఏ షాట్‌లో ఏ భుజం మీదుందో నోటుబుక్కులో రాసుకోవడం. వాటిలో గొడుగు ఒక్కటే సరిగ్గా పట్టాను.

రిటైరయ్యాక ఇంట్లో కూర్చోవడం ఎంత అలసటో నాకు ముందు తెలియదు. నిలబడి చేసిన ఉద్యోగంలో సాయంత్రానికి కాళ్ళు మాత్రమే లాగేవి. కూర్చుంటే మనిషంతా లాగుతున్నాడు. ఆ రోజుల్లోనే ఒక ప్రైవేటు కాలేజీ వాళ్ళు సాయంత్రం పూట ఆర్నెల్ల సినిమా కోర్సు పెట్టి, వయసుతో పనిలేదని గోడ మీద కాగితం అంటించారు. వెళ్ళి చేరాను. ఫారంలో పూర్వానుభవం అన్నచోట రంగస్థలం అని రాశాను. నాటకాల వాళ్ళను హార్మోనియంతో సహా ఆఖరి బస్సులో ఎక్కించుకుపోయిన అనుభవం అది.

కోర్సు చివర జట్లుగా విడిపోయి జట్టుకొక చిన్న సినిమా తీసి చూపించాలి. మా జట్టుకు పెద్ద ఒక కడప పిల్ల. డిగ్రీ చదువుతూ ఈ కోర్సుకు వచ్చేది. మిగతా ఇద్దరూ కెమెరా ఒకరు, మైకు ఒకరు పట్టుకునేవాళ్ళు. వానకోసం కాచుకున్న ఒక రైతు ఒక్క రోజు ఎలా గడుపుతాడన్నది ఆ పిల్ల రాసుకున్న కథ.

"చేను యాడన్నా దొరుకుతాదా తాతా?" అని అడిగింది.

"పత్తికొండ దగ్గర మనకు పన్నెండెకరాలుండాది" అన్నాను.

నాకు సెంటు భూమి లేదు. ఉన్నది మా బామ్మర్దికి, అంటే మా ఇంటామె తమ్ముడికి, నాలుగెకరాలు. రోడ్డు పక్క రెండు, లోపల రెండు. అన్నీ వానమీద ఆధారపడ్డ ఎర్రచేలే. ఆయన్నే రైతుగా నటించమని ఒప్పించాను. నటుడని పిల్లలకు చెప్పాను. ఆయన జీవితంలో వేషం కట్టింది తన పెళ్ళినాడు ఒక్కసారే.

"నేల పగుళ్ళిచ్చుండల్ల తాతా, పేపర్లలో ఏస్తారే అట్ల" అంది ఆ పిల్ల.

"ఎర్రనేల పగలదు పాపా. దుమ్మయితాది."

ఆ ఆర్నెల్లలో నేను చెప్పిన నిజాల్లో అదొకటి. ఆ పిల్ల పగుళ్ళు మానేసి కథలో దుమ్ము రాసుకుంది.

రోడ్డు పక్క చేలో, ఆయన ఇంటి దగ్గర మూడు రోజులు తీశాం. ఆ చేను మూలన వంగిపోయిన కరెంటు స్తంభం ఒకటుంది. చేలో తీసిన ప్రతి షాట్‌లోనూ అది కనపడుతుంది. ఎండకు కెమెరా వేడెక్కి ఆగిపోయేది, నేను గొడుగు కిందనుంచి కదలకుండానే అలసిపోయేవాణ్ణి. ఆ పిల్ల "యాక్షన్" అంటే మా బామ్మర్ది కదిలేవాడు కాదు. తననే అన్నట్టు తోచేది కాదు ఆయనకు. ఒకసారి విసుగొచ్చి అలవాటుకొద్దీ "రైట్, రైట్" అన్నాను. వెంటనే నడవడం మొదలుపెట్టాడు. అప్పటినుంచి ఆ కేక నాదైంది.

"ఎన్నిసార్లు నడవల్ల బావా? నీ బస్సు గూడా ఇన్ని ట్రిప్పులు తిరిగిండదు" అనేవాడు మా బామ్మర్ది.

"గమ్మున నడువప్పా, సినిమాలంటే ఇట్లనే ఉంటాది."

నాకు అంతకుముందు ఏ సినిమా షూటింగూ తెలియదు.

ఇక ఒక్క షాట్ మిగిలింది. సాయంత్రం వెలుగులో ఆయన చేనుకడ్డంగా దూరంగా నడిచిపోవాలి, వెనక ఎర్రదుమ్ము లేవాలి. సినిమాకు అదే ముగింపు. ఆదివారం తీద్దామనుకున్నాం. శుక్రవారం సాయంత్రం పత్తికొండలో వాన పడింది.

ఫోన్ మా ఇంటామె ఎత్తింది. "తమ్ముడు. చేను బాగా తడిసిందంట" అంటూ బెల్లం ముక్క తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ వార్త విని కళ్ళనీళ్ళు పెట్టుకున్నానని కడప పిల్లకు చెప్పాను. పెట్టుకోలేదు. రెండు రోజులాగి రాకూడదా ఈ వాన అనుకున్నాను. కరువు పనుల్లో మట్టి తట్టలు మోసిన తల్లికి పుట్టినవాణ్ణి, వాన పడిందని నొచ్చుకున్నాను. బెల్లం మాత్రం తిన్నాను.

శనివారం పొద్దున్నే బస్సెక్కి పత్తికొండ పోయాను. వాన పడ్డాక విత్తనానికి సరిపడా తడి నేలలో నిలిచే రెండు మూడు రోజులనే పదును అంటారు. ఆ లోపల విత్తితే మొలుస్తుంది, దాటితే లేదు. నేను పోయేసరికి లోపలి రెండెకరాల్లో ట్రాక్టరు వేరుశనగ విత్తి వెళ్ళిపోయింది. మా బామ్మర్ది రోడ్డు పక్క చేలో చెప్పులు విడిచి, కాలి బొటనవేలితో నేలను గుచ్చి చూస్తున్నాడు.

"మంచి పదునుండాది బావా. రేపు పొద్దున ఇదీ ఏసేస్తే పనైపోతాది. ట్రాక్టరాయప్పకు చెప్పినా."

"ఈ రెండెకరాలు ఐదు దినాలు ఆపు."

"యాల?"

"షాట్ ఒకటి మిగిలింది. విత్తనం సాళ్ళు పడితే చేను మారిపోతాది. ముందు తీసిందానికి అతకదు."

"ఆపితే పదును పోతాది బావా."

"బుధవారం మల్లా వానుండాది. ఫోన్లో చూసినా. గురువారం పొద్దున్నే ఇంగొక పదును."

"మల్లా బుధవారం తడిస్తే దుమ్ము యాడొస్తాది మీకు?"

"వానకు ముందే. మంగళవారం సాయంత్రమే తీసేస్తాం." నోటికొచ్చింది చెప్పాను. "పెద్దపెద్దోళ్ళు చూస్తారు ఈ సినిమా. మన ఊరి పేరు నిలబడతాది."

ఫోన్ నా జేబులోనే ఉంది. చూడలేదు. దానిలో వాన సంగతి ఎక్కడ కనపడుతుందో కూడా అప్పటికి నాకు తెలియదు.

ఆయన చేను వైపు చూశాడు, మబ్బు వైపు చూశాడు. "నువ్వు చూసినావు గదా" అని ట్రాక్టరు వాడికి ఫోన్ చేసి, ఇప్పుడొద్దులే అని చెప్పాడు.

కడప పిల్ల మాత్రం అడిగింది. "ఆయప్ప విత్తనం ఏసుకోవల్ల గదా తాతా? మనకోసం ఆపినాడా?"

"ఈ ఏడు ఆ చేనుకు విశ్రాంతి ఇస్తాడంట పాపా. ఆయనే అన్నాడు."

మంగళవారానికి దుమ్ము రాలేదు. బుధవారం వాన రాలేదు. గురువారం సాయంత్రం తీశాం. అప్పటికి పైమట్టి ఎండి, కాలు పడితే పొడిగా లేస్తోంది. నేను "రైట్, రైట్" అన్నాను. ఆయన నడిచాడు. సగం దూరం పోయి, ఎవరూ చెప్పకుండానే ఆగి, పడమటి దిక్కున మబ్బుందేమో చూశాడు. మళ్ళీ నడిచాడు. వంగిన స్తంభం దాటేదాకా నలభై సెకన్లు. మేం తీసినవాటన్నిట్లో మంచి షాట్ అదే.

"ఏం చేసినాడు తాతా ఆయప్ప" అంది కడప పిల్ల, కెమెరాలో మళ్ళీ మళ్ళీ చూసుకుంటూ. నేనే నేర్పించానన్నాను.

ఆ తరువాత నెల దాటినా వాన లేదు.

కాలేజీ కంప్యూటర్ల దగ్గర మాకు వంతు రాక, ఎడిటింగుకు కడప పోయాం. ఆ పిల్ల మేనమామ పెళ్ళి వీడియోల స్టూడియో నడిపేవాడు. మూఢం కాబట్టి పెళ్ళిళ్ళు లేవు, కంప్యూటరు ఖాళీగా ఉంది. మూడు రోజులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా దాని ముందు కూర్చున్నాం. కళ్ళు మండేవి, నడుము పట్టేసేది. తీసిన ముక్కలన్నీ తెర మీద పట్టీలుగా వరసలో ఉంటాయి, ఎక్కడ కోయాలో చూసి కోసుకుంటూ పోవాలి. ఒకసారి నా మోచెయ్యి తగిలి, మా బామ్మర్ది చెంబుతో నీళ్ళు తాగుతుంటే పైనుంచి పెళ్ళి వీడియోల్లో వాడే గులాబీ రేకులు రాలాయి.

తువ్వాలు సంగతి అక్కడే బయటపడింది. గడప దాటేటప్పుడు కుడి భుజం మీదున్నది, దాటగానే ఎడమ భుజం మీదికి దూకింది.

"తాతా, అన్నీ ఎడమనే అని రాసినావు."

"అప్పటికప్పుడు రాయలేదు పాపా. సాయంత్రం బస్సులో కూచోని రాసినా."

"గుర్తుపెట్టుకుని రాసినావా?"

"లేదు."

ఆ పిల్ల తిట్టలేదు. మధ్యలో కుక్క పడుకున్న ముక్క ఒకటి పెట్టి ఆ దూకడాన్ని కప్పేసింది. చెంబు ఎత్తుతుండగా కోస్తే కన్ను అతుకును పట్టుకోదని, ఎత్తడం అయ్యాక కోస్తే గతుకులా తగులుతుందని ఆ పిల్ల దగ్గరే నేర్చుకున్నాను. ప్రతి షాట్‌కూ ఒక స్టాపుంటుందని, అది దాటాక ఒక్క క్షణం కూడా మోయకూడదని నాకు తోచింది. నా ఉద్యోగం భాషలో చెప్తే ఆ పిల్ల తలూపింది.

మూడో రోజు ముగింపు దగ్గరకొచ్చాం. ఆయన చేలోనుంచి ఇంటికొస్తాడు, కాళ్ళు కడుక్కుంటాడు, విత్తనాల మూట విప్పి, చెయ్యి లోపల పెట్టి చూసి, మళ్ళీ కట్టేస్తాడు. ఆ తరువాత నలభై సెకన్ల చేను. ఆ పిల్ల రెండుసార్లు చూసింది. తరువాత చేను తీసేసి చూసింది.

"మూట కట్టేసినాడు గదా తాతా. ఆడికే అయిపోయింది సినిమా. చేను పెడితే చెప్పిందే చెప్పినట్లుంటాది."

"అది లేకుంటే సినిమానే లేదు పాపా. దాన్ని చూసే జనం లేచి నిలబడతారు."

"బాగుంది తాతా. అందుకనే నాకూ బాధగా ఉండాది. కష్టపడి తీసినామని పెట్టుకోకూడదు గదా?"

ఆ పిల్ల చెప్పింది నిజం. స్టాపుల సంగతి చెప్పిన నాకే అది ముందు కనపడాల్సింది. పెట్టి తీరాలనడానికి నా దగ్గరున్న కారణం ఒక్కటే, అది బయటకు చెప్పేది కాదు. సరేనన్నాను. ఆ పిల్ల ఒక్క మీట నొక్కింది, చేను పోయింది.

కాలేజీలో సినిమా చూపించిన రోజు మా బామ్మర్ది ఇస్త్రీ చొక్కాతో కర్నూలు వచ్చాడు. చేతిలో ఒక సంచి. నిండా వేరుశనగ పప్పు, ఏరినవి, అన్నీ ఒకే సైజు.

"అక్కకు ఇయ్యి బావా. చట్నీ చేసుకోండి."

అవి ఏమిటో నాకు తెలుసు. వేయని రెండెకరాల విత్తనం. సంచి కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాను. సినిమా అయ్యింది, చప్పట్లు కొట్టారు. ఆయన కొట్టలేదు, ఇంకా వస్తుందని తెర వైపే చూస్తున్నాడు. లైట్లు వేశాక నా వైపు తిరిగాడు.

"మన చేను రాలేదే బావా. ఆ పొద్దు నడిచింది."

"ఫైలు పెద్దదైపోయి ఈ తెరకు పట్టలేదు" అన్నాను.

ఆయన తలూపాడు. బస్టాండుకు ఆటోలో పోయాం. పత్తికొండ బస్సు ఇంకా రాలేదు. సిమెంటు బల్ల మీద కూర్చున్నాక, సంచి ఒళ్ళో పెట్టుకుని చెప్పేశాను. ఫైలు పట్టకపోవడం అబద్ధమని, అక్కర్లేదని కోసేశామని, అది సరైన పనేనని. తరువాత అసలుది కూడా చెప్పాను. బుధవారం వాన ఉందని ఫోన్లో నేను చూడలేదని.

ఆయన అప్పుడే వచ్చి ఆగిన బస్సు బోర్డు చదివి, మనది కాదని ఇటు తిరిగాడు.

"అది నాకు తెల్సు బావా. ఆదివారమే పక్క చేనాయప్ప ఫోన్లో చూసి చెప్పినాడు, వానా లేదు గీనా లేదని. అప్పటికే ట్రాక్టరు ఆదోని దిక్కు పోయుండాది."

"నన్నడగకపోయినావా?"

"అడిగితే ఇంగొకటి చెప్తావని అడగల్యా."

సంచి మూతి విప్పి, మళ్ళీ కట్టేశాను.

"ఆ ముక్క ఉండాదా, పారేసినారా?" అన్నాడు.

ఉందన్నాను. తనకు కావాలన్నాడు. కడప పిల్లను అడిగి తెప్పించాను. విత్తనం సంగతి ఆ పిల్లకూ చెప్పాను. విని, ముందే చెప్పుంటే వేరే చేలో తీసేవాళ్ళం గదా తాతా అంది. తరువాత చాలా రోజులు ఫోన్ చేయలేదు.

ఆ ముక్క మొదట్లో "రైట్, రైట్" అన్న నా గొంతుంది. ఈలోగా నేర్చుకున్నాను కదా, ఆ గొంతు కోసేసి పంపిస్తానని మా బామ్మర్దికి ఫోన్ చేశాను.

"ఉండనీ బావా. ఎవురు నడిపించినారో తెలియల్ల గదా" అన్నాడు.

అట్లాగే పంపించాను. పత్తికొండ టమోటా మార్కెట్టులో తెలిసినవాళ్ళకు చూపించేవాడట, ఈ ఏడు ఆ చేలో వచ్చిన పంట ఇదేనప్పా అని. మా ఇంటామె ఆ పప్పు వేయించి చట్నీ చేసింది. నా కంచంలో వేస్తూ, "విత్తనం బాగుండాది" అని ఒక్క మాట అంది.

ఏడాది తిరిగింది, ఈసారి ఇంకా వాన పడలేదు. ఫోన్లో వాన సంగతి ఎక్కడ చూడాలో నేర్చుకున్నాను. రోజూ పొద్దున్నే చూసి, ఉన్నదున్నట్టు మా బామ్మర్దికి చెప్తున్నాను. ఆయన అంతా వింటాడు, సరే బావా అంటాడు. ఆ తరువాత పోయి పక్క చేనాయన్ను అడుగుతాడు.