అరవై మూడు హెచ్చరికలు

నిన్న పొద్దున ఏడింటికి షుగరు పరీక్షకు పోయాను. ల్యాబులో కొత్తగా చేరిన అమ్మాయి నా మోచేతి మడతలో స్పిరిట్ దూది రుద్దింది. ఆ చల్లదనం, వెంటనే ముక్కుకు తగిలే ఘాటు. నేను కళ్ళు మూసుకుని ఒక మాట కోసం ఆగాను. మాట రాలేదు, సూది దిగింది. ఉలిక్కిపడ్డాను. "ఏందమ్మా, ఇన్నిసార్లు గుచ్చించుకున్న చెయ్యే గదా!" అని ఆ అమ్మాయి నవ్వింది. ఆమె తప్పేమీ లేదు. రక్తం చక్కగానే తీసింది. కాని అదే కుర్చీలో నాలుగేళ్ళపాటు నాకు సూది కంటే ముందు మాట వినడం అలవాటైంది. "పెద్దమ్మా, ఇప్పుడు చురుక్కుమంటాది. మూడు లెక్కబెట్టుకో" అనేది ఎస్తేరు. ఆమె నా చేతికి పదిహేడుసార్లు సూది గుచ్చింది. పదిహేడుసార్లూ ముందు చెప్పింది. ఆమె మార్కాపురం వదిలిపోయి నిన్నటికి పద్నాలుగు నెలల ఆరు రోజులు.

నేను గిద్దలూరులో రిజిస్ట్రేషన్ ఆఫీసులో ముప్పై నాలుగేళ్ళు దస్తావేజులకు నకళ్ళు రాశాను. మా పనిలో ఒక పద్ధతి ఉండేది. నకలు కింద మూడు సంతకాలు ఉండాలి: రాసినవారు, చదివినవారు, సరిచూసినవారు. ఒకరు అసలు ప్రతిని పైకి చదువుతుంటే ఇంకొకరు నకలు మీద వేలు పెట్టి వెంట నడవాలి. నా నకళ్ళలో దిద్దుబాట్లు తక్కువని పేరు. ఆ పేరు తెచ్చిన గర్వం ఉద్యోగంతో పోలేదు. మార్కాపురం వచ్చి స్థిరపడ్డాక కూడా పాలు విరిగిన తేదీ, మోటారు కాలిన తేదీ, ఎవరు ఎన్ని గంటలకు వస్తామని ఎన్ని గంటలకు వచ్చారు, అన్నీ నోటుబుక్కులో రాసుకునేదాన్ని. ఎస్తేరు ఒకసారి ఆ పుస్తకం తిరగేసి, "పెద్దమ్మా, దీంట్లో నువ్వొక్కదానివే లేవు" అంది. అంతకు ముందు నన్ను 'మీరు' అనేది. 'నువ్వు' అన్నది ఆ రోజే మొదలు. అది కూడా రాసుకున్నాను, ఏప్రిల్ తొమ్మిది.

ఎస్తేరుది కొమరోలు పక్క పల్లె. అమ్మానాన్నలు కూలికి పోయేవాళ్ళు. ఆమె చిన్నప్పుడు కొన్నేళ్ళు మార్కాపురం పలకల గనుల్లో పనికి వచ్చి, మళ్ళీ సొంత ఊరికి వెళ్ళిపోయారు. ఎందుకు వెళ్ళిపోయారో నేను అడగలేదు. ఇరవై ఆరేళ్ళ పిల్ల, సన్నగా, కొంచెం ముందుకు వంగి నడిచేది. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులు ల్యాబు. పరగడుపున పరీక్ష, తిన్నాక రెండు గంటలకు మళ్ళీ వేలి చుక్కతో పరీక్ష. ఆ మధ్య నేను అక్కడే బల్ల మీద కూర్చునేదాన్ని. రద్దీ లేనప్పుడు ఆమె ఫోన్ చదువుకుంటూ తనలో తాను నవ్వేది. ఏముందని అడిగితే చూపించింది. రోజూ సాయంత్రం నేనూ చూసిన ఒక సీరియల్‌లోని మనుషులే అందులో ఉన్నారు. ఆ సీరియల్ ఉన్నట్టుండి ఆపేశారు. చిన్నకోడలు సంచీ పట్టుకుని బస్టాండులో నిలబడి ఉండగా ఆగిపోయింది. సగం రాసిన దస్తావేజును నా జీవితంలో చూడలేదు, అందుకని నాకు ఆ సీరియల్ వాళ్ళ మీద కోపంగా ఉండేది. "మేము కొంతమందిమి దాన్ని ముందుకు రాసుకుంటున్నాము పెద్దమ్మా. ఫ్యాన్ ఫిక్షన్ అంటారు" అంది ఎస్తేరు.

"ఇంకొకరి మనుషుల్ని తీసుకోవడం దొంగతనం కాదా?"

"అమ్ముకుంటే దొంగతనం. మేము ఊరికే ఏడ్చుకునేదానికి రాసుకుంటాము."

ఫోన్‌లో తెలుగు కొట్టడం ఆమే నేర్పింది. డెబ్బై ఒకటో ఏట నా మొదటి భాగం రాసి ఆమెకు చూపించాను. చిన్నకోడలు ఎక్కిన బస్సు ఎన్ని గంటలకు కదిలింది, కంభంలో ఎంతసేపు ఆగింది, మార్కాపురం ఎప్పుడు చేరింది, అంతా ఉంది. ఎస్తేరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇదేంది పెద్దమ్మా, కథ రాయమంటే బస్టాండు బోర్డు రాసినావు?" తర్వాత నా పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది. "ఆమె కాలికి ఏముందో చూడు. చెప్పు తెగిందా? పిన్నీసు పెట్టుకున్నాదా? చిన్నది ఒకటి పట్టుకో, పెద్దది దాని వెంట అదే వస్తాది." నాకు ఎవరూ నేర్పని పాఠం అది. చూసింది చూసినట్టు నకలు రాయడం వచ్చుగాని, చూడనిది చూడడం ఆ పిల్ల దగ్గర నేర్చుకున్నాను. రెండేళ్ళలో ఇరవై ఆరు భాగాలు రాశాను. అట్లా రాసుకునేవాళ్ళ ఫోన్ గుంపులో ఆదివారం పొద్దున ఆరింటికి పెట్టేదాన్ని. ఆరున్నరలోపు మొదటి చదువరి ఎస్తేరే.

ఆమె రాసిన కథలు అరవై మూడు. ప్రతి కథకూ పైన రెండు మూడు ముక్కలు ఉండేవి. 'ఇందులో మొగుడు కొడతాడు. పదో పేరా దాటేయవచ్చు.' 'ఇందులో ఆస్పత్రి ఉంది, సావు లేదు.' గుంపులో కొందరు దాన్ని ట్రిగ్గర్ వార్నింగ్ అనేవారు. ఎస్తేరు మాత్రం 'ముందు చెప్పడం' అనేది, సూదికి అన్నట్టే. నాకు అది నచ్చేది కాదు. జరగబోయేది ముందే చెబితే కథ ఎందుకు చదవాలి? నా కథలో చిన్నకోడలు పలకల గనుల్లో పనికి కుదిరినప్పుడు ఎస్తేరు నా చేతికి రబ్బరు పట్టీ కడుతూ ఆగింది.

"గనుల్లోకి తెస్తున్నావా పెద్దమ్మా? నీళ్ళ సంగతి ఉంటే పైన ఒక ముక్క రాయి."

"ఎందుకు?"

"ఊరికే."

"ఊరికే అనేది కారణం కాదు. కారణం చెప్పు, రాస్తాను."

ఆమె సీసా మీద నా పేరు, తేదీ రాసింది. తల ఎత్తలేదు. "చెప్పగలిగితే ముక్క రాయమని ఎందుకు అడుగుతాను?" అంది. నేను అది మొండితనం అనుకున్నాను.

ఆ నెలలోనే గుంపులో వాదం లేచింది. గుంపును నడిపేది కురిచేడు టీచరమ్మ విజయలక్ష్మి. అందరూ హెచ్చరిక పెట్టాలా, ఇష్టమైనవాళ్ళు పెట్టాలా అని ఆమె అడిగింది. రెండు రోజులు ఫోన్ మోగుతూనే ఉంది. "మనమేమన్నా పాలు తాగే పిల్లలమా?" అని ఒకావిడ. "పచ్చడి సీసా మీద కారం ఉండాదని రాయమంటారు ఇంక" అని ఇంకొకావిడ. "రాస్తే మీ చెయ్యి అరిగిపోతాదా అక్కా?" అని ఎవరో చిన్న పిల్ల. "ఏడుపు పడనోళ్ళు వంటల వీడియోలు చూసుకోండి" అని దానికి జవాబు. అందరూ గాలిలో మాట్లాడుతున్నారని నాకు చిరాకు వేసింది. రుజువు కావాలి కదా. ఎస్తేరు పెట్టిన అరవై మూడు హెచ్చరికలనూ ఒక్కటీ వదలకుండా, తేదీతో సహా, ఒక నోటుబుక్కులోకి నకలు రాశాను. ఏది కథలో ఏ మలుపును బయటపెట్టిందో పక్కనే ఎర్ర సిరాతో గుర్తు పెట్టాను. దాన్నిబట్టి హెచ్చరికలు వద్దని ఏడు అంశాలు రాసి గుంపులో పెట్టాను. ఆరో అంశం అందరినీ నవ్వించింది. అరవై మూడింటిలో పదకొండు హెచ్చరికలు కథలో ఉన్నదాన్ని గురించి కావు, లేనిదాన్ని గురించి. 'ఇందులో నీళ్ళు లేవు. భయం లేకుండా చదవండి.' లేనివి కూడా చెప్పాలంటే పులి లేదు, భూకంపం లేదు అని కూడా రాయాలి కదా అని రాశాను. నలభై మంది నవ్వు బొమ్మలు పెట్టారు. పదకొండని లెక్కపెట్టినదాన్ని, పదకొండూ ఒకే మాట ఎందుకయ్యాయని ఆలోచించలేదు.

ఓట్లలో నలభై ఎనిమిది నా వైపు, ఇరవై తొమ్మిది అటు. ఎస్తేరు వాదంలోకి రాలేదు. చివర 'సరే' అని ఒక్క మాట పెట్టింది.

ఓట్లయిన మూడో ఆదివారం నా ఇరవై ఏడో భాగం పెట్టాను. చిన్నకోడలి కూతురు ఏడేళ్ళది, పని ఆగిపోయిన గనిలో వాననీళ్ళు నిలిచిన గుంత దగ్గరకు పోతుంది. ఆ నీళ్ళ పచ్చదనం రాశాను. అంచున జారే పలకరాళ్ళు రాశాను. ఎస్తేరు చెప్పినట్టే చిన్నది ఒకటి పట్టుకున్నాను: నీళ్ళ మీద తేలుతున్న ఒక్క చెప్పు. పైన ఏ ముక్కా లేదు. ఆరు గంటల ఇరవై రెండు నిమిషాలకు ఎస్తేరు చదివినట్టు కనిపించింది. కింద ఏమీ రాయలేదు. మిగతా వాళ్ళు మాత్రం కన్నీళ్ళు ఆగలేదని, ఇంత బాగా ఇంతవరకు ఎవరూ రాయలేదని రాశారు. ఆ రోజంతా నేను పొంగిపోయి ఉన్నాను. ఇది దాచడం అబద్ధం అవుతుంది.

నాకు పరీక్ష రోజు ఇంకా నెల ఉంది. అయినా మంగళవారం ల్యాబుకు పోయాను. సోమవారం ఆమె రాలేదని అక్కడివాళ్ళు చెప్పారు. ఆ రోజు వచ్చింది. కుర్చీ చూపించింది, పట్టీ కట్టింది, దూది రుద్దింది.

"చదివినావా?" అన్నాను.

"చదివినానండీ."

ఆ 'అండీ' నాకు తగిలింది. అయినా ఊరుకోలేదు. "ఎట్ల ఉంది?"

"బాగా రాసినారు. చెప్పు తేలతాదని మీకెట్ల తెలుసు?"

"ఊహించాను. నువ్వే కదా నేర్పింది."

ఆమె తల ఊపింది. నా నరం వెతుకుతూ, ఎవరో వేరేవాళ్ళ సంగతి చెప్పినట్టు చెప్పింది. "మా చెల్లెలివి తేలలేదు. రెండూ కాళ్ళకే ఉండినాయి. కొత్తవి. గట్టిగా ఉండాయని అది ఏడుస్తా ఉంటే నేనే బిగించినాను."

చెయ్యి వెనక్కి తీసుకోబోయాను. ఆమె మెత్తగా పట్టుకుని ఆపింది. "కదలొద్దు. ఇప్పుడు చురుక్కుమంటాదండీ. మూడు లెక్కబెట్టుకోండి" అంది. ఆ రోజు కూడా చెప్పింది. నేను లెక్కపెట్టాను. అది పదిహేడోసారి.

ఇంటికి వచ్చి ఇరవై ఏడో భాగం తీసేశాను. దానివల్ల ఏం లాభం? చదివిన మనిషి చదివేసింది. క్షమించమని నాలుగు ఉత్తరాలంత పొడుగు మెసేజీ పెట్టాను. దాని పక్కన పంపినట్టు ఒక్క టిక్కే పడింది, ఆమెకు చేరినట్టు రెండోది ఇంతవరకు పడలేదు. తొమ్మిదో రోజున గుంపులో ఆమె పేరు లేదు. కథలు లేవు. అరవై మూడూ ఒక్కొక్కటే తీసేసిందట. విజయలక్ష్మి చెప్పింది. ఆమె దగ్గర గాని, ఇంకెవరి దగ్గర గాని ప్రతి లేదు. ఫోన్‌లో ఉన్నవి ఎక్కడికి పోతాయిలే అనుకున్నాం అందరమూ. ల్యాబులో అడిగితే పని మానేసిందని, ఎక్కడికి పోయిందో తెలియదని అన్నారు.

కొమరోలు బస్సెక్కి వాళ్ళ ఊరు పోయాను. తల్లి అప్పుడే కూలి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. నన్ను అరుగు మీద కూర్చోబెట్టి గ్లాసుతో నీళ్ళిచ్చింది. ఆ నీళ్ళు తాగడానికి నాకు చాలాసేపు పట్టింది. "ఊరు చెప్పొద్దన్నాదమ్మా. ఏదో ఆస్పత్రిలో కుదిరినాదిలే" అంది.

"ఫోన్‌లో కథలు చదువుతుందా ఇప్పుడు?"

"ఎక్కడ! ఆ ఫోన్ మార్చేసి బటన్ల ఫోన్ కొనుక్కున్నాది. మా చిన్నది పోయినాక పదేళ్ళు నోరిప్పి నవ్వలేదు. ఆ కథలతోనే కొంచెం నవ్వు మొగం పెట్టినాది. ఏమైందో ఏమో, అదీ మానుకున్నాది." కొంగుతో చేతులు తుడుచుకుంటూ నన్ను పరీక్షగా చూసింది. "ఇంతకీ మీరు మా ఎస్తేరుకు ఏమవుతారు?"

"ల్యాబుకు వచ్చేదాన్ని" అన్నాను. అంతకంటే చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. తిరుగు బస్సు దాకా ఆమె నాతో నడిచి వచ్చింది. అది ఇంకా కష్టంగా ఉండింది.

గుంపు ఇప్పటికీ నడుస్తోంది. హెచ్చరిక ఇష్టమైనవాళ్ళే పెట్టాలన్న నియమం ఇప్పటికీ ఉంది. మార్చమని నేను రెండుసార్లు రాశాను. కారణం చెప్పమని అడిగారు. చెప్పలేదు, చెప్పే హక్కు నాకు లేదు. "మీరే కదా పెద్దమ్మా వద్దని ఏడు అంశాలు రాసింది?" అని ఒక పిల్ల నవ్వు బొమ్మ పెట్టింది. నేను రాయడం మానేశాను. చిన్నకోడలు గని గట్టు మీద నిలబడే ఉంది. ముందుకు పోనివ్వడం నాకు చేతకాదు. సగంలో ఆపినవాళ్ళ మీద ఇప్పుడు నాకు కోపం కూడా లేదు.

ఆ నోటుబుక్కు మాత్రం ఉంది. ఎస్తేరు రాసినదాంట్లో లోకంలో మిగిలింది అందులోనిదే. ఆమెను తప్పుబట్టడానికి నేను రాసుకున్న నకలు. 'ఇందులో ఆకలి ఉంది, చివర అన్నం ఉంది.' ఆ అన్నం ఎవరు పెట్టారో నాకు గుర్తు లేదు. 'ఇందులో ఒక తల్లి అరుస్తుంది. తర్వాత ఊరుకుంటుంది.' ఎందుకు ఊరుకుందో గుర్తు లేదు. నలభై ఒకటోది: 'ఇందులో నీళ్ళు లేవు. భయం లేకుండా చదవండి.' పక్కన నా ఎర్ర సిరా. అది ఇంకొకరి కోసం రాసిన మాట కాదని, రాయడానికి కూర్చునే ముందు ఆ పిల్ల తనకు తాను చెప్పుకున్న మాటని నాకిప్పుడు అనిపిస్తుంది. నిన్న ల్యాబు నుంచి వచ్చాక మళ్ళీ ఆ పుస్తకం తీశాను. చివరి పేజీలో ఆఫీసు అలవాటు కొద్దీ ఎప్పుడో మూడు గీతలు గీసి ఉంచాను. రాసినవారు అన్నచోట నా సంతకం ఉంది. చదివినవారు, సరిచూసినవారు అన్న రెండు చోట్లా ఖాళీ.