బరువైన నెమలి

ముందే ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. మా నాయన గీసిన నక్షాల మీద ఒట్టు, నేను పుట్టి పెరిగిన కుంఠా నాకా గల్లీ మీద ఒట్టు. (నా సంగతి తెలిసినవాళ్లు ఇక్కడే నవ్వుతారు. నవ్వనివ్వండి.) ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర్లో, సోలాపూర్‌లో వెబ్‌సైటు అనే మాట విన్నవాళ్లు తక్కువ, చూసినవాళ్లు ఇంకా తక్కువ. చేయడం వచ్చినవాణ్ణి మా గల్లీ మొత్తానికి నేనొక్కణ్ణే అని నేనే చెప్పుకునేవాణ్ణి. కాదనేంత తెలివి ఎవరికీ లేదు కనక ఆ బిరుదు నాకే ఉండిపోయింది. ఇరవయ్యేళ్ల వయసులో మనిషికి అంతకన్నా ప్రమాదకరమైన పరిస్థితి ఉండదని ఇప్పుడు తెలుస్తోంది.

మా నాయన ఒక పవర్‌లూమ్ కార్ఖానాలో నక్షా మాస్టరు. ఆ కార్ఖానా యజమానే మా సేట్. చద్దరు మీద రావలసిన పువ్వునో పిట్టనో ముందుగా గళ్ల కాగితం మీద, గడి గడికీ రంగు నింపుతూ గీసేవాడు. ఆ కాగితాన్ని చూసి అట్టలకు బెజ్జాలు కొడితే, ఆ అట్టలు మగ్గమెక్కితే, అదే బొమ్మ చద్దరు మీదికి దిగేది. దీపావళి సరుకు బజారుకు వెళ్లేదాకా కొత్త నక్షా బయటి కంట పడకూడదు. ఎందుకంటే గల్లీ చివర ఇంకో కార్ఖానా ఉంది. దాని యజమానిని అందరూ చెవుల సేట్ అనేవాళ్లు. ఎవరి కార్ఖానాలో ఏ రంగు దారం దిగిందో ఆయనకు ఇంట్లో కూర్చుంటేనే వినిపించేదట. ఒక ఏడాది మా నాయన గీసిన చిలకలు, మా సేట్ చద్దర్ల కంటే వారం ముందే చెవుల సేట్ చద్దర్ల మీద వాలాయి. ఎలా ఎగిరిపోయాయో తేలలేదు. మా సేట్ మాత్రం నాయనను పిలిచి, "మాస్టర్, ఇంకోసారి పోతే దొంగ కోసం నేను దూరం తిరుగ, సీదా నీ ఇంటికే వస్త," అన్నాడు. అప్పటినుంచి నాయన గీసిన కాగితాన్ని ఇనప్పెట్టెలో పెట్టి, తాళంచెవిని దేవుడి పటం వెనక దాచేవాడు. (ఇంట్లో దొంగ ఉంటాడని ఏ తండ్రి అనుకుంటాడు?)

అలాంటి రోజుల్లో మా సేట్ ముంబై వెళ్లి, వెబ్‌సైటు సంగతి ఎవరి దగ్గరో విని వచ్చాడు.

"ఏం రా, కంప్యూటర్ క్లాసుకు పోతున్నవంట. మన కార్ఖానాకు వెబ్‌సైట్ చేస్తవా? దునియా మొత్తం చూడాలె."

"చేస్త సేట్."

"మస్తుండాలె మరి. నా ఇజ్జత్ కా సవాల్."

నాయన దగ్గర మిగిలిన గళ్ల కాగితం మీదే నా పేజీ గీసుకున్నాను. నాలుగు వైపులా చద్దరుకు ఉన్నట్టే అంచు. పైన ఉరుకుతూ పోయే అక్షరాలు, కింద ఆరుతూ వెలిగే 'స్వాగతం', మూలన ఎంతమంది వచ్చి చూశారో చెప్పే అంకెల పెట్టె. కళ్లు తిరగడం ఒక్కటే తక్కువ. ఇన్ని పెట్టినా నడుమ బోసిగానే ఉంది. అప్పుడు ఇనప్పెట్టెలోని నెమలి గుర్తొచ్చింది. నాయన రెండు నెలలుగా గీసిన, పింఛం కిందికి జార్చి కూర్చున్న నెమలి. ఆయన పనికి వెళ్లగానే పటం వెనక చెయ్యి పెట్టాను. పెళ్లిపత్రికలు అచ్చేసే చోట స్కాన్ చేయించి, సాయంత్రానికల్లా కాగితాన్ని మళ్లీ పెట్టెలో పెట్టేశాను. దునియా మొత్తం చూడాలన్న ఉత్సాహంలో, ఆ దునియాలో చెవుల సేట్ కూడా ఒకడన్న సంగతి నాకు తట్టనే లేదు.

హోట్గి రోడ్డు వైపు ఒక నెట్ కేఫ్ ఉండేది. దాన్ని నడిపే మరాఠీ ఆయనను అందరూ దాదా అనేవాళ్లు. ఫ్లాపీ నిండా ఒకే ఒక్క నెమలి ఉండటం చూసి ఆయన తల పట్టుకున్నాడు. "అరే బాబా, ఫోటో లయీ మోఠా ఆహే, శానా పెద్దగుంది. ఛోటా కర్. పేజీ తేలిగ్గా ఉండాలె, లేకుంటే అది తెర్సుకునేదాకా ఎవడు కూసుంటడు?"

"పల్చటి చద్దర్ ఎవడన్న కొంటడా దాదా?" అన్నాను. మాది చద్దరును చేత్తో ఎత్తి, బరువు చూసి మెచ్చుకునే జాతి. తేలికైన సరుకు మీద మా గల్లీలో ఎవరికీ గౌరవం లేదు. నెమలిని ఒక్క గడి కూడా తగ్గించకుండా ఎక్కించాను. మా సేట్ ఆ వెబ్‌సైటు అడ్రసును కార్ఖానా షట్టరు మీద, కుంఠా నాకా నుంచే కనబడేంత అక్షరాలతో రాయించాడు. కంప్యూటరు జోలికి వెళ్లని మనిషి కనక లోపల ఏముందో ఆయన చూడలేదు. శనివారానికి అంకెల పెట్టెలో పందొమ్మిది పడింది. గల్లీలో ఛాతీ విరుచుకుని తిరిగాను.

ఆదివారం మధ్యాహ్నం రొట్టె తింటూ నాయన తృప్తిగా అన్నాడు: "ఈ ఏడు నక్షా మంచిగ దాసిన. నేనూ సేటూ తప్ప ఇంకో కన్ను సూడలే. మళ్ల పోతే మాత్రం, మాస్టర్ గిరి ఇడిసి హమాలీకి పోవుడే."

నమలకుండానే మింగిన రొట్టె ముక్కకు నాకు పొలమారింది.

"ఏంది రా, నీళ్లు తాగు."

గ్లాసు చేతిలో పట్టుకుని లెక్క వేసుకున్నాను. పందొమ్మిది అంకె కాదు, పందొమ్మిది జతల కళ్లు. (ఆ పందొమ్మిదిలో పద్దెనిమిది నావేనని, చూసినప్పుడల్లా అంకె పెరుగుతుందని చాలాకాలం తర్వాత తెలిసింది.) ఆ రోజు కేఫ్ మూత. బయట మగ్గాలు టకటకమంటుంటే ప్రతి టకటకా మా ఇంటి మీదికి వస్తున్న అడుగులా వినిపించింది. ఇనప్పెట్టె వైపు చూశాను. తాళం భద్రంగానే ఉంది. తిన్నాక కునుకు తీస్తున్న నాయన మధ్యలో లేచి, దాన్ని ఒకసారి లాగి చూసుకుని, నిశ్చింతగా మళ్లీ పడుకున్నాడు.

సోమవారం కేఫ్ తీసే వేళకు సైకిలు మీద పడుతూ లేస్తూ వెళ్లాను. గుమ్మంలోనే ఆగిపోయాను. నెట్ వచ్చే ఒకే ఒక్క కంప్యూటరు ముందు, భుజాన తువ్వాల వేసుకుని, చెవుల సేట్. షట్టరు మీది అడ్రసు చీటీ మీద రాసుకొచ్చి దాదా చేత తెరిపించుకున్నాడు. తెర మీద నెమలి దిగుతోంది. మగ్గం మీద చద్దరు ఎలా దిగుతుందో అలాగే, పైనుంచి పోగు పోగుగా. ముందు అంచు. ఎంతోసేపటికి ఇంకో గీత. సేట్ ఆవలించాడు. "దాదా, ఇది నెట్టా, చేమగ్గమా?" అన్నాడు. నేను ఆయన వెనక గోడకు అతుక్కుని నిలబడ్డాను. తల మీది కుచ్చు దిగింది. నుదురు దిగింది. మెడ నీలం మొదలవుతోంది.

అంతలో కరెంటు పోయింది. బయట మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగి, నా గుండె చప్పుడు సోలాపూర్ మొత్తానికి వినిపించింది. చెవుల సేట్ విసుక్కుంటూ వెళ్లిపోయాడు. కరెంటు రాగానే నెమలిని పీకేశాను. అయినా ఆయన ఊరుకోలేదు. చూసినంతవరకు గుర్తుపెట్టుకుని, దీపావళికి నెమలి లేని ఉత్త కుచ్చులతో చద్దర్లు నేయించాడు. బజారులో జనం, "సేట్, ఇది కొత్తిమీరనా?" అని అడిగారు.

ఇదీ కథ. పాతికేళ్లుగా పెళ్లిళ్లలో, చావుల్లో, రైలు ప్రయాణాల్లో ఇలాగే చెబుతున్నాను. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కనక, ఒట్టు కూడా వేశాను కనక, ఒప్పుకుంటాను. కరెంటు పోలేదు. కొత్తిమీర చద్దర్లు ఎవరూ నేయలేదు. మిగతాదంతా నిజం.

జరిగింది ఇది. మెడ నీలం మొదలవగానే నా నోటినుంచి నాకు తెలియకుండానే మాట వచ్చింది. "కాకా, అది మా నాయిన నక్షా. ఆయనకు తెల్వదు. నేనే పెట్టిన." ఆ తర్వాత ఏడుపొచ్చింది.

ఆయన వెనక్కి తిరిగాడు. "మాస్టర్ కొడుకువా?"

"అవ్ కాకా."

ఆయన ఆ కాస్త నీలాన్ని చాలాసేపు చూశాడు. "మస్తు గీసిండు రా మీ నాయిన," అన్నాడు. తర్వాత భుజం మీది తువ్వాల తీసి తెర మీద కప్పేశాడు. "ఎట్ల మూసుడో నాకు తెల్వదు. నువ్వే మూసెయ్. నేనొచ్చిన్నని మీ నాయినకు చెప్పకు, నవ్వుతడు."

ఆ పేజీ తేలిగ్గా ఉండి ఉంటే నేను గుమ్మం ఎక్కేలోపే నెమలి తోకతో సహా దిగిపోయేది. (దాదా మాట ఆ తర్వాత విన్నాను. నా పేజీలన్నీ ఇప్పుడు దూదిపింజలే.) ఆ పూటే నెమలిని పీకేశాను. నాయనకు ఏదీ తెలియలేదు. ఆ ఏడాది నెమలి మా సేట్ చద్దర్ల మీదే వాలింది. అప్పటి ఆ ఇరవయ్యేళ్ల మొనగాణ్ణి తలుచుకుంటే నవ్వూ వస్తుంది, కాస్త జాలీ కలుగుతుంది. పరాయి సేట్ ముందు ఏడ్చానని ఒప్పుకోవడం కంటే, వాడికి సోలాపూర్ మొత్తానికి కరెంటు తీసేయడమే తేలికనిపించింది.