బోరులో చిక్కిన కెమెరా

పుంగనూరు బస్టాండుకు కాస్త ఇవతల, ఎరువుల అంగడి పక్కన, అంబిక కంప్యూటర్లు రిపేరు చేసేది. పుట్టింది మదనపల్లెలో. నాన్న రెడ్డెప్పకు అక్కడ టీవీ రిపేరు అంగడి ఉండేది. తొంభైలలో ఇంటింటికీ కలర్ టీవీలు వస్తున్న కాలం. బడి వదిలీ వదలగానే అంబిక నాన్న బల్ల దగ్గరికి చేరి, విప్పిన టీవీల వెనక తల దూర్చి కూర్చునేది. డిగ్రీ అయ్యాక హార్డ్‌వేర్ కోర్సు చేసింది. పెళ్లయి పుంగనూరు వచ్చాక సొంతంగా అంగడి తెరిచింది.

చేతివాటం మంచిదే. తొందర ఎక్కువ. ఏ మిషను వచ్చినా అందులో పాతదంతా తుడిచేసి సరికొత్తది ఎక్కిస్తే గాని ఆమెకు తృప్తి ఉండేది కాదు. మదనపల్లె పక్కన అంగళ్లు అనే ఊళ్లోని కాలేజీ పిల్లలు బస్సెక్కి ఆమె దగ్గరికి రావడానికి కారణం కూడా అదే. ఇచ్చినప్పటికన్నా మిషను జోరుగా నడుస్తుందని వాళ్ల నమ్మకం.

రెండువేల ఏడు వేసవిలో కుప్పం నుంచి వెంకటేష్ అనే అతను ఒక ల్యాప్‌టాప్ తెచ్చాడు. బోర్లలోకి పొడవాటి కేబుల్‌తో కెమెరా దింపి, నీళ్లెక్కడ ఉన్నాయో, పైపు ఎక్కడ విరిగిందో చూసి చెప్పడం అతని పని. లోపలి బొమ్మ ల్యాప్‌టాప్ తెర మీద కనబడాలి. కొన్నాళ్లుగా ఆ తెర అదురుతోంది. డిస్‌ప్లే డ్రైవర్ పని చేయడం లేదని మాటిమాటికీ మెసేజ్ వస్తోంది. తెర మీద బొమ్మ గీసే గ్రాఫిక్స్ చిప్‌కూ విండోస్‌కూ మధ్య మాట మోసే ప్రోగ్రామే డ్రైవర్. అది తడబడితే తెర తడబడుతుంది. అంబిక పాత డ్రైవర్‌ను ఆనవాలు లేకుండా తీసేసింది. నెట్‌లో దొరికిన కొత్తది ఎక్కించింది. ఒక సినిమా పెట్టి చూసింది. బొమ్మ అదరకుండా నిలిచింది. వెంకటేష్ సంతోషంగా తీసుకుపోయాడు.

తర్వాతి వారం, ఎండ ముదిరిన వేళ, అతని ఫోను వచ్చింది.

“అమ్మా, రామసముద్రం పక్క పల్లెలో ఉండాను. కెమెరా బోరులో ఉండాది. ల్యాప్‌టాప్ నీలంగా అయిపోయింది. ఏం రాసిందో అర్థం కాలేదు. నువ్వు వస్తే గాని కాదు.”

“కెమెరా పైకి లాగెయ్ అప్పా, ఆనక సూద్దాం.”

“రావడం లేదమ్మా! యాడో తగులుకునుండాది.”

అంబిక షట్టరు దించి స్కూటీ తీసింది.

పల్లె చివర బోరు చుట్టూ జనం గుమిగూడి ఉన్నారు. ఊరందరికీ తాగే నీళ్లు ఆ ఒక్క బోరువే. పంపు వేలాడే పైపు నడిమికి విరిగి, మోటారుతో సహా కింది ముక్క లోపలికి జారిపోయింది. దాని మూతి ఎటు తిరిగి ఉందో చూస్తే కొక్కెం వేసి పైకి తీయవచ్చని ఊరివాళ్లు వెంకటేష్‌ను పిలిపించారు. కెమెరా ఆ పైపు దాకా దిగేసరికి తెర పోయింది. గుడ్డిగా పైకి లాగబోతే కేబుల్ బిగుసుకుంది.

వేపచెట్టు నీడలో, జీపు బానెట్ మీద ల్యాప్‌టాప్ పెట్టి ఉంది. తెరంతా నీలం, తెల్లటి అక్షరాలు. అంబిక అట్టడుగు వరుసలో ఉన్న ఫైలు పేరు చదివింది. అది తాను ఎక్కించిన డ్రైవర్ పేరే.

“ఏమమ్మా, ఏమయిందంటావు?” అన్నాడు వెంకటేష్.

ఎండకు వేడెక్కిందని చెప్పవచ్చు. ఆ ఎండలో ఎవరైనా నమ్ముతారు. అంబిక మిషను ఆపి మళ్లీ వేసింది. విండోస్ మామూలుగానే వచ్చింది. కెమెరా ప్రోగ్రాం తెరిచింది. నల్లటి రాతిగోడ ఒక్క లిప్తకాలం మెరిసింది. అంతే, మళ్లీ నీలం.

ఊరి పెద్ద మునిరత్నం తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. “ఇంక సాలప్పా. నలుగురు పట్టుకోండి, గట్టిగా లాగేద్దాం. వస్తే వస్తాది, తెగితే తెగుతాది.”

“తెగితే కెమెరా పోవడమే కాదన్నా, మోటారు మీద పడి బోరు మూసుకుపోతాది. ఆ పైన కొక్కెం కూడా దిగదు,” అన్నాడు వెంకటేష్.

“మరి సూస్తా కూసుంటే వస్తాదా? తెల్లారినప్పుట్నుంచి సూస్తానే ఉండాము!”

పక్కన గోవిందమ్మ అనే ఆవిడ ఖాళీ బిందె మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. “నా ఆవులు పొద్దున్నుంచి నీళ్లకు అరస్తాండాయి మునిరత్నం,” అంది. “అట్లని బోరే లేకుండా చేసుకుంటే రేపు యాడికి తోలుకుపోయేది? కొంచెం ఓర్సుకో.”

అప్పటికే ఇద్దరు కుర్రాళ్లు కేబుల్ పట్టుకున్నారు. కేబుల్ తీగలా బిగిసింది. బోరులోంచి రాయి రాలిన చప్పుడు, కాసేపటికి నీళ్ల చప్పుడు.

“లాగొద్దండప్పా!” అంబిక అరిచింది. అందరూ ఆమె వైపు తిరిగారు. “తప్పు కెమెరాది కాదు, వెంకటేష్‌ది కాదు. నేను పోయిన వారం ఇందులో కొత్త డ్రైవర్ వేసినాను. కెమెరా బొమ్మ వచ్చేసరికి అదే పడిపోతాండాది. కెమెరా పెట్టి సూసుకోకుండానే ఇచ్చేసినాను. కొంచెం టైమియ్యండి. బొమ్మ తెప్పించేదానికి సూస్తాను.”

వెంకటేష్ మొహం నల్లబడింది. అతను వెళ్లి కుర్రాళ్ల చేతుల్లోంచి కేబుల్ విడిపించాడు.

పాత డ్రైవర్‌కు వెనక్కి పోయే బటన్ విండోస్‌లో ఉంటుంది. అంబిక అక్కడికి వెళ్లింది. బటన్ వెలవెలబోయి ఉంది. నొక్కినా కదలలేదు. పాతదాన్ని ఆనవాలు లేకుండా తీసింది తనే కదా. నెట్ లేదు. పెన్‌డ్రైవ్‌లో ఉన్నది ఆ కొత్త డ్రైవరే.

ఇక డ్రైవర్‌ను పూర్తిగా తీసేసి చూసింది. మిషను మళ్లీ లేచింది. అక్షరాలు బండగా, రంగులు వెలిసిపోయి వచ్చాయి. నీలం మాత్రం రాలేదు. ఆశగా కెమెరా ప్రోగ్రాం తెరిచింది. ఈ తెర మీద వీడియో చూపడం కుదరదని చిన్న పెట్టె వచ్చి నిలబడింది.

కళ్లు మూసుకుని నాన్న బల్లను తలుచుకుంది. బొమ్మ నిలవని టీవీని ముందు తక్కువ వెలుగులో నిలబెట్టేవాడు రెడ్డెప్ప. “బొమ్మ మొదట నిలబడనీ, అందం తర్వాత సూసుకుందాం,” అనేవాడు.

కొత్త డ్రైవర్‌నే మళ్లీ ఎక్కించింది. ఈసారి వెంటనే కెమెరా ప్రోగ్రాం జోలికి పోలేదు. డిస్‌ప్లే సెట్టింగుల్లో, గ్రాఫిక్స్ చిప్ మీద ఎంత పని వెయ్యాలో చెప్పే జరుపుడు గీత ఒకటి ఉంటుంది. దాన్ని సగానికి దించి కెమెరా తెరిచింది. బొమ్మ వచ్చింది. జనం ముందుకు తోసుకొచ్చారు. నీలం.

“ఇంక అయ్యే పని కాదు,” అన్నాడు మునిరత్నం.

“ఇంకొక్కసారి మావా,” అంది అంబిక. అతను తనకేమీ కాడు. మాట దానంతటదే వచ్చింది.

మిషను మళ్లీ వేసింది. గీతను పూర్తిగా కిందికి దించేసింది. అంటే చిప్ దాదాపు ఖాళీగా కూర్చుంటుంది, బొమ్మ గీసే బరువంతా విండోసే మోసుకోవాలి. కెమెరా తెరిచింది. తెర నల్లగా ఉండిపోయింది. తర్వాత రాతిగోడ వచ్చింది. కదలకుండా నిలిచింది. కాసేపటికి ఇంకో బొమ్మ. మళ్లీ ఇంకోటి. ఫోటోలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు, ఆగి ఆగి.

“నిలబడింది,” అన్నాడు వెంకటేష్ ఊపిరి వదిలి.

“నిదానంగా వస్తాది. నువ్వు కదిపింది నాకు ఆలస్యంగా కనబడతాది. నేను సెప్పినప్పుడే కదుపు.”

కేబుల్ ఎక్కడ చిక్కిందో చూడ్డానికి వెంకటేష్ కెమెరాను కొంచెం కిందికి వదిలాడు. కెమెరా కన్నా కిందికి జారిన కేబుల్ మడత విరిగిన పైపు పెదవికి వెనక నుంచి తగులుకుని ఉంది. పైకి లాగిన ప్రతిసారీ ఆ పెదవి కేబుల్‌ను కోసుకుంటూ ఉంది. పైతొడుగు అప్పటికే చీలి, లోపలి రాగి కనబడుతోంది. గోవిందమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. మునిరత్నం ఆ బొమ్మ వైపు చూసి కుర్రాళ్లను దూరం జరపమన్నాడు.

“ఇంకొంచెం వదులు... ఆపు.” అంబిక తెర మారేదాకా ఆగింది. “ఇప్పుడు ఎడమకు తిప్పు. ఆపు. ఉండు, ఇంకా రాలేదు.”

వెంకటేష్ చెమట కళ్లలోకి కారుతున్నా చెయ్యి తీయలేదు. బొమ్మ మారింది. మడత పైపు పెదవి అంచుకు జరిగింది. ఇంకోసారి తిప్పాడు. తెర ఆగిపోయింది. ఎంతకీ మారలేదు. మిషను మళ్లీ పడిపోయిందేమో అనుకుంది అంబిక. అంతలో కొత్త బొమ్మ వచ్చింది. అందులో కేబుల్ బోరు నడిమధ్యన, దేనికీ తగలకుండా వేలాడుతోంది.

“వదిలింది! లాగు, మెల్లగా లాగు.”

కెమెరా బురద పూసుకుని పైకి వచ్చింది. పైపు మూతి బొమ్మలు ల్యాప్‌టాప్‌లో మిగిలాయి. మరునాడు వేరే మనుషులు వాటిని చూసుకుని కొక్కెం దించారు. మొదటిసారి జారిపోయింది. సాయంత్రానికి మోటారు పైకి వచ్చింది.

కెమెరా పైకి వచ్చిన రోజే, తిరుగుదారిలో వెంకటేష్ జీపు ఆమె స్కూటీ వెనకే పుంగనూరు దాకా వచ్చింది. అంగట్లోకి వచ్చాక, “ఆ పల్లెలో నా పేరు పోయుంటే ఎట్లమ్మా?” అన్నాడు.

“పోయుండేది,” అంది అంబిక. “తప్పు నాదే.”

ఆమె ఆ ల్యాప్‌టాప్ తయారుచేసిన కంపెనీ సైటులో దాని మోడల్‌కే ఇచ్చిన పాత డ్రైవర్ వెతికి దించుకుంది. ఎక్కించాక అంగడి వెనక నీళ్ల తొట్టిలో కెమెరా ముంచి, పొద్దు వాలేదాకా నడిపించి చూశారు. తెర ఒక్కసారి కూడా అదరలేదు.

అంబిక తొందర పూర్తిగా పోలేదు. కాని ఆ తర్వాత పాతది పక్కన దాచిపెట్టకుండా ఏ మిషనులోనూ కొత్తది ఎక్కించలేదు. ల్యాప్‌టాప్ తెచ్చినవాళ్లను ముందు ఒకటే అడిగేది, “దీంతో నువ్వు ఏం పని సేస్తావప్పా?” ఆ పని తన కళ్లముందు చేసి చూపిస్తే గాని తిరిగి ఇచ్చేది కాదు. కొందరు విసుక్కుని మదనపల్లెకు పోయారు. వెంకటేష్ మాత్రం కుప్పం నుంచి ఆమె దగ్గరికే వచ్చేవాడు, కెమెరాతో సహా.