మసీదు మలుపుకు ముందు మజ్జిగ పందిరి

మా లెక్కల సార్ పోయారని తిరునిన్రవూరు దగ్గర రైల్లో ఉండగా తెలిసింది. ఆవడిలో ఆఫీసు ముగించుకుని వస్తున్నాను. ఏడుపు రాలేదు, నీరసం వచ్చింది. వారంలో ఆడికృత్తిక పండగ, ఇక మజ్జిగ పందిరి ఎవరు చూసుకుంటారన్నదే ముందు తోచింది.

ఆ పండగకు తిరుత్తణి కొండకు నడిచిపోయే భక్తుల కావళ్లు మా ఊరి మసీదు మలుపు మీదుగానే వెళ్తాయి. నమాజు వేళకు అక్కడ పంబలు మోగితే మాటా మాటా పెరిగేది. ఒక ఏడు రాళ్లు కూడా పడ్డాయి. శాంతి కమిటీలో టీలు తాగి తాగి విసిగిపోయిన సార్, రిటైరయ్యాక నన్ను కూర్చోబెట్టి కంప్యూటర్లో మా వీధిని కట్టించారు. ఒక్కో మనిషికి ఒక్కో చుక్క. ఎవరికెంత కోపం, ఎవరిని చూసి ఎవరు రెచ్చిపోతారు, అన్నీ పెట్టాం. ఎన్నిసార్లు నడిపినా చుక్కలు మలుపు దగ్గరే కొట్టుకునేవి. పోలీసు చుక్కలను పెంచితే ఇంకా తొందరగా కొట్టుకునేవి.

ఒకరోజు సార్ కళ్లద్దాలు పంచె అంచుతో తుడుచుకుంటూ, "కోపమంతా ఏసినాము గానీ, దప్పిక యాడమ్మా? ఎండలో నడిచొచ్చేవాళ్లు మజ్జిగ కనిపిస్తే నిలబడరా?" అన్నారు.

నిజమే. నీడ ఉందని మజ్జిగ పందిరిని ఏళ్ల తరబడి మసీదుకు ఎదురుగానే వేస్తున్నది మేమే. తెర మీద దాన్ని ఒక వీధి వెనక్కి జరిపాం. చుక్కలు అక్కడే ఆగి, తాగి, నమాజు అయ్యాక మలుపు దాటిపోయాయి. ఆ ఏటి నుంచి సార్ ఇంటి ముందే పందిరి, సార్ చేతిలోనే గరిటె. "మెల్లిగా తాగండయ్యా, కొండ యాడికీ పోదు" అంటూ పోసేవారు.

"ఇంక గొడవలు రావా సార్?" అని అడిగాను.

"ఎందుకు రావు? ఏటేటా పోస్తానే ఉండాల."

ఆ మాట ఇప్పుడు నాకు బరువుగా ఉంది. సార్ ఇంట్లో మైల, వాళ్లు భక్తులకు పోయకూడదు. అడిగిన ప్రతివాళ్లకూ ఏదో పని. చివరికి పండగ రోజు సెలవు పెట్టి, నేనే మజ్జిగ కుండ ఎత్తుకుని వెళ్లాను.

పందిరి కింద అప్పటికే మసీదు పక్క టీకొట్టు భాయి ఉన్నారు, తన టీకొట్టు గరిటెతో.

"సార్ ఇంట్లో తీట్టు కదమ్మా. మా పిల్లోళ్లకీ లెక్కలు చెప్పినారు ఆయన."

పంబలు దగ్గరికొచ్చాయి. ముందున్న పంబ వాయించేవాడు భాయి ముఖం చూశాడు, కుండ చూశాడు. పుల్లలు నడుములో దోపుకుని దోసిలి పట్టాడు. మసీదులో నమాజు మొదలైంది.

"మెల్లిగా తాగండయ్యా," అన్నారు భాయి, "కొండ యాడికీ పోదు."