దివాలాకి మా అమ్మ ఒప్పుకోలేదు

మా ఇల్లు వేలానికి వచ్చిందని తెలిసిన రోజు మా చిన్నాన్న మొహంలో కంగారే లేదు.

"అన్నయ్య సేత ఐపీ ఎట్టించీ వదినా. మరి ఎవుడూ ఇల్లు ముట్టలేడు," అన్నాడు అమ్మతో, టీ ఊదుకుంటూ.

ఐపీ అంటే కోర్టులో దివాలా పిటిషన్ వేయడం. మా తాతల వైపు, విజయనగరంలో ఎవరో వ్యాపారి ఐపీ పెట్టి, అప్పులవాళ్ల నోళ్లు మూయించి, అదే వీధిలో దర్జాగా తిరుగుతున్నాడట. ఏదో పెళ్లిలో విన్న ఆ కబురే చిన్నాన్నకు తెలిసిన చట్టం.

అసలు ఇల్లు తాకట్టులో పడిందే ఆయన కోసం. మేముండే బెంగాలీ రైల్వే ఊళ్లో, గోల్‌బజార్‌లో ఆయన పెట్టిన బట్టల కొట్టు కోసం నాన్న ఇంటి దస్తావేజులు ఒక వడ్డీవ్యాపారి, మహాజన్ దగ్గర కుదువపెట్టి అప్పు తెచ్చాడు. కొట్టు మూతపడింది. మహాజన్ మేదినీపూర్ కోర్టుకెళ్లి, ఇల్లు వేలం వేయించడానికి డిక్రీ తెచ్చుకున్నాడు. నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా రిటైరై, ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో క్వార్టర్ ఖాళీ చేసి, పట్టాల అవతల కట్టుకున్న రెండు గదుల ఇల్లది. అది పోతే మాకు మరో నీడ లేదు. అవి ఎనభైల చివరి రోజులు. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో కొత్తగా చేరాను. నా జీతం తిండికే సరిపోయేది.

నాన్న మంచివాడు. తమ్ముడు ఏ కాగితం ముందు పెట్టినా సంతకం చేసే మంచితనం. ఆ మంచితనం మీద నాకు ఇప్పటికీ ఒళ్లు మంటే. ఐపీ కాగితం మీదా అలాగే సంతకం చేశాడు.

అందులో అప్పులవాళ్లందరి పేర్లూ రాయాలి. ఎంత ఎక్కువమంది ఉంటే జడ్జికి అంత జాలి కలుగుతుందనుకున్నాడో ఏమో, చిన్నాన్న అమ్మ చీటీలోని ఆడవాళ్ల పేర్లు కూడా రాయించేశాడు. ట్రాఫిక్‌లో మా క్వార్టర్ల లైన్ ఆడవాళ్లు ఏళ్ల తరబడి ఆ చీటీ నడిపేవారు. నెలనెలా తలా కొంత వేస్తే, వంతు వచ్చినావిడ మొత్తం తీసుకునేది. మగవాళ్లకు అందులో వేలు పెట్టే హక్కు లేదు. జీతం రోజున తాగొచ్చే మొగుళ్ల కంట పడకుండా పిల్లల ఫీజులు కట్టుకోవడానికే అది పుట్టింది. అమ్మ తన వంతు ముందే తీసుకుని ఇంటికి సిమెంటు పూత వేయించింది. వాయిదాలు ఇంకా కట్టాల్సి ఉంది. ఆ బాకీని చిన్నాన్న మా నాన్న ఖాతాలో వేయించాడు. ఆడవాళ్ల చీటీకి మగాడు బాకీదారు! మా లైన్‌లోనే పెరిగిన మనిషికి ఆ మాత్రం తెలియొద్దూ?

అమ్మ నన్ను వెంటబెట్టుకుని ఆ పిటిషన్ రాసిన వకీలు దగ్గరికి వెళ్లింది. ఐపీ పెడితే ఇల్లు నిలబడుతుందా అని సూటిగా అడిగింది. ఆ బెంగాలీ పెద్దమనిషి నసిగి నసిగి నిజం చెప్పాడు. ఇల్లు తాకట్టు పెట్టుకున్నవాడికి దివాలా అడ్డు రాదు, మహా అయితే వేలం కొన్నాళ్లు వెనక్కి జరుగుతుంది. తాకట్టు లేకుండా నమ్మి ఇచ్చినవాళ్లు మాత్రం వసూలుకు రాలేరు.

"అంటే ఇల్లు పట్టుకుపోయీవోడికి అడ్డం లేదు. నన్ను నమ్మినోళ్ల డబ్బుకే అడ్డమా?" అంది అమ్మ.

మర్నాడు కోర్టు నోటీసులు పట్టుకుని చీటీ ఆడవాళ్లందరూ మా గుమ్మంలో దిగారు. చర్చి నుంచి తిన్నగా వచ్చిన మా పాత క్వార్టర్ పక్కింటి పెద్దమ్మ అందరికన్నా ముందుంది.

"ఏటే, మీ ఆయన మాకు అప్పున్నాడా? ఆయనకి మేమెప్పుడిచ్చినామే?"

"బాకీ నాను, ఆయన గాదు. రండి, ఆ ముక్క జడ్జిగారికే సెప్పొద్దాం," అంది అమ్మ.

వాయిదా రోజున లోకల్ ట్రైన్‌లో సగం పెట్టె మాదే. మరమరాలు, పచ్చిమిరపకాయలు నములుతూ కంసాయి నది వంతెన దాటాం. కోర్టులో పెద్దమ్మ ముందుకెళ్లి, తనకొచ్చిన భాషలన్నీ కలిపి చెప్పింది.

"హుజూర్, ఈ బాబు మాకేటీ దేనా నహీ. బాకీ ఉన్నాది ఈ ఆడమనిషి. ఈవిడ దివాలా తియ్యలేదు!"

జడ్జి నాన్న వైపు చూశాడు. అంతవరకు తల దించుకున్న నాన్న, "పిటిషన్ ఎనక్కి తీసుకుంటాను సార్," అన్నాడు. చిన్నాన్న చొక్కా పట్టుకుని లాగాడు. నాన్న ఆ చెయ్యి విదిలించాడు. తమ్ముడి చెయ్యి ఆయన విదిలించడం నేను చూడటం అదే మొదటిసారి. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.

వేలం ఆగలేదు. ఇల్లు మహాజనే పాడుకున్నాడు. స్వాధీనం చేసుకోవడానికి కోర్టు అమీనా వచ్చాడు, వెంట ఒక ఢోలువాడు. ఇల్లు చేతులు మారిందని వీధికి తెలియాలంటే ఢోలు కొట్టాలట. పాపం వాడు మొహమాటపడి వేళ్లతో మెల్లగా తట్టాడు.

అమ్మ గుమ్మం దిగి, "జోరే బాజావ్, దాదా! సప్పుడు సెయ్యకండా ఎల్లడానికి ఏటి, దొంగసొమ్ము మోస్తన్నామా?" అంది.

వాడు కర్ర తీసి గట్టిగా వాయించాడు. సామాను మొయ్యడానికి వచ్చిన చీటీ ఆడవాళ్లు బిందెలు నెత్తిన, ట్రంకు పెట్టెలు చేతుల్లో పట్టుకుని బయల్దేరారు. పెద్దమ్మ ఢోలువాడి జేబులో నోటు కుక్కి ముందు నడవమంది. మేం మాట్లాడుకున్న అద్దెగదికి దగ్గర దారి ఉన్నా, గోల్‌బజార్ మీదుగా, మహాజన్ కొట్టు ముందు నుంచే నడిచాం. రిక్షాలు ఆగిపోయాయి. నాన్న సైకిల్ నడిపించుకుంటూ తలెత్తుకునే వచ్చాడు.

అద్దెగదిలో అమ్మ సామాను విప్పకముందే చాప పరిచింది. నా జీతంలోంచి ఆ నెల వాయిదా తీసి చాప మధ్యలో పెట్టింది. మిగతావాళ్లూ వేశారు. వంతు వచ్చినావిడ ఊళ్లో లేదు, వచ్చేదాకా డబ్బు ఎవరి దగ్గర ఉంచుదామని ఒకావిడ అడిగింది. పెద్దమ్మ ఆ నోట్లన్నీ మూటకట్టి అమ్మ ఒళ్లో పెట్టింది. ఇల్లు వేలంలో పోయిన మనిషి దగ్గర తమ సొమ్ము వదిలేసి, అందరూ ఎవరిళ్లకు వాళ్లు వంటలకు వెళ్లిపోయారు.