ముప్పై ఎనిమిదో గోళీ

బందరు పట్టణ ప్రజలకు, మరీ ముఖ్యంగా చిలకలపూడి వాసులకు తెలియజేయడమేమనగా: ఇకమీదట ఇడ్లీ రేకుల్లో ఇడ్లీలు మాత్రమే వేయవలెను. నట్లు, బోల్టులు, వాషర్లు పెట్టరాదు. ఆ హక్కున్న ఒకే ఒక్క మనిషి, మా వీధి చివరి షెడ్డులో నలభై ఏళ్లు మోటారు సైకిళ్లు బాగుచేసిన మెకానిక్కు, పోయిన నెల ఒక మంగళవారం పొద్దున గుండెపోటుతో పోయాడు.

ఆయన నాకు చుట్టం కాదు. నేను మావయ్యా అనేవాణ్ణి. ఆయన అల్లుడూ అనేవాడు, కోపమొస్తే వెధవా అనేవాడు. రెండోదే ఎక్కువసార్లు విన్నాను. నాది రోల్డుగోల్డు పని.

"ఇత్తడికి బంగారం పూసి లోకం కళ్లు కప్పుతావురా నువ్వు" అనేవాడు.

"మా గొలుసుకి ఆర్నెల్లు గ్యారంటీ మావయ్యా. నీ రిపేరుకి వీధి మలుపు దాకా కూడా లేదు" అనేవాణ్ణి.

బండి విప్పేటప్పుడు మొదట వచ్చిన నట్టు ఇడ్లీ రేకులో మొదటి గుంటలో పెట్టేవాడు. తర్వాత వచ్చింది తర్వాతి గుంటలో. బిగించేటప్పుడు చివరి గుంట నుంచి వెనక్కి వచ్చేవాడు. "విప్పడం కోతికీ వచ్చురా. విప్పిన వరస గుర్తున్నవాడే మెకానిక్కు" అనేవాడు. ఒకసారి ఆయన టీకి వెళ్లినప్పుడు మధ్య గుంటలో ఒక సైకిలు నట్టు పడేశాను. బండంతా బిగించాక అది మిగిలింది. పాపం, సగం బండి మళ్లీ విప్పాడు. మూడో రోజు నా దుకాణానికి వచ్చి, నేను తాగుతున్న టీ గ్లాసులో ఆ నట్టు వేసి వెళ్లిపోయాడు.

ఆయన సొంత బండి పెళ్లయిన కొత్తలో కొన్నది. బందరు ఉప్పుగాలికి దాని ముందు భాగమంతా తుప్పు పట్టింది. ఎన్నిసార్లు రంగు వేసినా పెచ్చులుగా లేచేది. దివిసీమలో, నాగాయలంకలో ఆయన అక్క ఉంది. ఆ తుక్కు వేసుకొస్తే గుమ్మం ఎక్కనివ్వనని అందట. అందుకని ముందు భాగం మొత్తం విప్పి, గుడివాడలో పెచ్చులు లేవని పౌడర్ కోటింగ్ రంగు వేయించి, ఆ బండి మీదే వస్తానని ఆవిడకి మాటిచ్చాడు.

"ఇదే ఆఖరుసారి అల్లుడూ. మోకాళ్లు చెప్పిన మాట వినడం లేదు. తర్వాత బస్సే గతి."

హెడ్‌లైటు, చక్రం, మడ్‌గార్డు, హ్యాండిల్, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు గొట్టాలు వరసగా ఊడొచ్చాయి. బండి మెడలో హ్యాండిల్ తిరగడానికి ఇనుప గోళీలుంటాయి, పైన పంతొమ్మిది, కింద పంతొమ్మిది. అవి ఎగిరిపోకుండా కింద పాత పంచె పరిచి, ఒక్కొక్కటీ తుడిచి గ్రీజులో పెట్టాడు.

గుడివాడ బస్సులో ఆ ఫోర్కులు తువ్వాలులో చుట్టి ఇద్దరం ఒళ్లో పెట్టుకున్నాం. పక్క సీటు పెద్దావిడ అడిగింది, "ఏంటి నాయనా అవి?"

"నా మోకాళ్లండీ. రంగు వేయించడానికి తీసుకెళ్తున్నాను" అన్నాడు.

వారం తర్వాత అవి నల్లగా, నేరేడుపళ్లలా మెరుస్తూ తిరిగొచ్చాయి. శనివారం బిగించడానికి కూర్చున్నాడు. ఆదివారం వస్తున్నానని అక్కకి ఫోన్ కూడా చేశాడు. ఆయన అటు తిరిగినప్పుడు నేను ఒక గోళీ తీసి జేబులో వేసుకున్నాను. మర్నాడు పొద్దున ఆయన టీ గ్లాసులో వేద్దామని. బాకీ తీర్చుకోవాలిగా.

లెక్కపెట్టాడు. పంతొమ్మిది. పద్దెనిమిది. మళ్లీ లెక్కపెట్టాడు.

"ఒకటి తక్కువైతే బండి నడవదా మావయ్యా?"

"నడుస్తుంది. మా అక్కకి తెలీదు, నీకూ తెలీదు. హ్యాండిల్ తిప్పినప్పుడల్లా నా చేతికి తెలుస్తుంది."

"పోనీ, కొత్తది ఒకటి వేసెయ్యి."

"అరిగినవాటి మధ్య కొత్తదాన్ని వేస్తే బరువంతా అదే మోస్తుందిరా, పాపం."

సాయంత్రం దాకా, ఆ మోకాళ్ల మీదే షెడ్డంతా పాకుతూ వెతికాడు. నేనూ పక్కనే వెతికాను, వెతికినట్టు. ఆదివారం పొద్దున టీ వేళకి ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లారు.

సోమవారం వెళ్లి చూశాను. గోళీ తీసి ఆయన అరచేతిలో పెట్టాను. "నాకు తెలుసురా వెధవా. ఎప్పుడు చెప్తావా అని చూస్తున్నా" అని నవ్వాడు. మర్నాడే పోయాడు.

పెద్దకర్మ అయ్యాక అత్తయ్య పిలిచింది.

"షెడ్డులో ఆ ముక్కల్ని అలా చూడలేకపోతున్నాను. నువ్వే బిగించు."

"నాకు గొలుసులు అతకడం తప్ప ఏం వచ్చత్తయ్యా?"

"ఆయన వరసగానే పెట్టి వెళ్లాడుగా. చివరి గుంట నుంచి వెనక్కి రా."

రెండు రోజులు పట్టింది. ముప్పై ఎనిమిదో గోళీ గ్రీజులో కూర్చున్నాక హ్యాండిల్ ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పాను. చిన్న చప్పుడు కూడా రాలేదు. ఆ బండి మీదే చల్లపల్లి, అవనిగడ్డ దాటి నాగాయలంక వెళ్లాను. ఇంజను చప్పుడు విని వాళ్లక్క గబగబా బయటికొచ్చి, నన్ను చూసి ఆగిపోయింది. ఫోర్కు మీద చెయ్యి వేసి పైనుంచి కిందదాకా నిమిరింది. బండిని గుమ్మం ఎక్కించి వరండాలో పెట్టమంది.

తర్వాత అడిగింది, "ఆఖర్న వాడేమన్నాడు నాయనా?"

గోళీ చేతిలో పెట్టిన సంగతి, ఆయన నవ్విన సంగతి చెప్పాను. ఆవిడ కళ్లు తుడుచుకుంటూ, "వాడంతే. అన్నీ తెలిసే ఊరుకుంటాడు" అని తనూ నవ్వింది.

ఆ నవ్వు చూశాక ఆవిడకి చెప్పలేకపోయాను. మీకైనా చెప్పాలి. ఆ అరచెయ్యి, ఆ నవ్వు నేను కల్పించినవి. పైన మీకు రాసేటప్పుడు కూడా పెన్ను అటే పోయింది.

ఆ సోమవారం గోళీ నా చొక్కా జేబులోనే ఉంది. నేను మంచం పక్కన కూర్చోగానే ఆయనే అడిగాడు.

"దొరికిందా అల్లుడూ?"

"వెతుకుతున్నా మావయ్యా."

"పాత టైర్ల వెనకాల చూడు. మెల్లగా వంగు, మోకాళ్లు జాగ్రత్త."