ఉండేది ఆ పిల్ల కదా

నా చిన్నప్పుడు మా తాతయ్య మగ్గం గుంట దగ్గర చేసిన ఒక తుంటరి పని, మొన్న నల్లగొండలో నా మనవరాలికి హాస్టల్ చూడబోయినప్పుడు నాకు అక్కరకు వచ్చింది. ఇది నవ్వుతూ చెప్పుకోవాల్సిన సంగతే. కానీ నాకైతే ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. ఇన్నేళ్ళు గడిచాక కూడా మళ్ళీ అదే పని చేయాల్సి రావడం ఏమిటి?

మాది చౌటుప్పల్ దగ్గర నేత పల్లె. ఇంట్లో ఆడపిల్లలం రాట్నం మీద నూలు కండెలు చుట్టేవాళ్ళం, మగవాళ్ళు మగ్గం నేసేవాళ్ళు. నాకేమో మగ్గం మీద కూర్చుని, పోగుల మధ్య నూలు పట్టుకుపోయే నాడె అటూ ఇటూ విసరాలని మహా కోరిక. ఏడ్చి మొత్తుకుంటే మా పెదనాన్న సరేనని నాకోసం ఒక చిన్న మగ్గం నిలబెట్టాడు. గుంట మగ్గం చూడనివాళ్ళకు చెప్తాను. నేలలో గుంట తవ్వి, దాని అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి దించి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేయాలి. అందుకే నేసే మనిషి కాళ్ళ పొడవు చూసుకుని గుంట తవ్వుతారు. ఆ సంగతి పుట్టినప్పటినుంచీ తెలిసిన మా పెదనాన్న, నా గుంటను తన కాళ్ళ కొలతకు తవ్వాడు. పిల్ల ఎలాగూ పెరుగుతుంది, ఈ గట్టి నేలను మళ్ళీ ఎవరు తవ్వుతారు అని ఆయన ఆలోచన.

నా పాదాలు చెక్కలకు అందేవి కావు. అందుకోవాలని ముందుకు జారితే గుంట అంచు తొడల కింద ఒరుసుకుపోయేది. పోగులు తెగేవి. తెగినప్పుడల్లా, "ఆడిపిల్లకు మగ్గమెందుకంటే ఇన్నరా? దీనికి ఒళ్ళు వంగుతలేదు" అని పెదనాన్న వచ్చిపోయేవాళ్ళ ముందు అనేవాడు. గుంట లోతుగా ఉందని చెబితే సాకులు చెబుతున్నావని కసిరేవాడు. నాకు ఏడుపు కంటే కోపమే ఎక్కువ వచ్చేది. ఇంకొన్నాళ్ళు అలాగే సాగితే ఆ మగ్గం విప్పేసి నన్ను మళ్ళీ రాట్నం ముందు కూర్చోబెట్టేవాళ్ళే.

మా తాతయ్య ఇదంతా చూస్తూ ఉండేవాడు. ఒకరోజు పెదనాన్న నూలు తేవడానికి పోగానే పెరట్లో మట్టిని గంపలతో మోసుకొచ్చి, పెదనాన్న సొంత గుంటలో సగం దాకా పోసి, గట్టిగా తొక్కి, చెక్కలు మళ్ళీ అమర్చాడు. నన్ను నోరు మెదపొద్దన్నాడు. పెదనాన్న వచ్చి కాళ్ళు లోపల పెట్టాడో లేదో, మోకాళ్ళు పైకి లేచి నేసిన బట్ట చుట్టుకునే దోనెకు ఠప్పున కొట్టుకున్నాయి. ఎవడు చేసిండని ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. మా తాతయ్య చుట్ట పక్కన పెట్టి, "గట్లనే నెయ్యిరా. జర ఒళ్ళు వంచు" అన్నాడు.

పెదనాన్న మళ్ళీ అరవబోయి, నా వైపు చూసి ఆగిపోయాడు. మర్నాడు నన్ను అంచున కూర్చోబెట్టి, నా గుంటలో మట్టి పోసింది ఆయనే. పోసినకొద్దీ "అందుతున్నదా? ఇంక పొయ్యాల్నా?" అని అడిగాడు. ఆ ఇంట్లో నన్నొకరు అలా అడగడం అదే మొదలు. చూపు ఆనినన్నాళ్ళూ నేను మగ్గం నేశాను.

ఇక మొన్నటి సంగతి. నా మనవరాలికి నల్లగొండలో యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది, కెమిస్ట్రీ. దాని నాన్న, అంటే నా కొడుకు, చౌటుప్పల్‌లో మందుల కంపెనీలో పనిచేస్తాడు. బిడ్డంటే వాడికి ప్రాణం, అంతకంటే భయం. తనకు నచ్చిన హాస్టల్ దొరికితేనే పంపుతానని, లేకపోతే ఇంటి దగ్గర ఏదో ఒకటి చదువుకోవాలని తేల్చేశాడు. తనకు నచ్చినదట! పిల్ల తల వంచుకుని వింది. దాని చదువంతా వాడి నచ్చడం మీద వేలాడుతోంది. నేను యూనివర్సిటీ హాస్టల్ మాట ఎత్తితే, అక్కడ కట్టుదిట్టం ఉండదని కొట్టిపారేశాడు. నేనూ వస్తానని వాళ్ళతో బస్సెక్కాను.

ఊళ్ళో ప్రైవేటు హాస్టళ్ళు ఒక్కొక్కటీ చూస్తూ పోయాం. ఎక్కడికి పోయినా అందరూ మాట్లాడేది నా కొడుకుతోనే. కెమెరాలున్నాయి సార్, గేటు పెద్దది సార్, పక్కన మగపిల్లల హాస్టల్ లేదు సార్. ఒకామె అయితే పిల్ల ఎదురుగానే నిలబడి ఉండగా, "మీ పాప మంచిదే గద సార్?" అని వాణ్ని అడిగింది. సంతలో బర్రెను కొనేటప్పుడు బర్రెతో ఎవరు మాట్లాడతారు, అలా ఉంది వాళ్ళ వరస. నేను పళ్ళు నూరుకుంటూ ఊరుకున్నాను.

చివరికి ఒకటి వాడికి తెగ నచ్చింది. అక్కడ చూపించిన గది కిటికీకి రేకు కొట్టి ఉంది. గాలి రాకపోయినా పర్వాలేదు, ఎవని కండ్లూ పడవని హాస్టల్ నడిపే ఆమె గొప్పగా చెప్పింది. సాయంత్రం ఆరింటికి పిల్లలంతా గదుల్లోకి పోవాల్సిందే. "బయటికెల్లి నేనే గొళ్ళెం పెడ్త సార్. బువ్వయాల్లకు తీస్త. మీరు ఫికర్ చెయ్యకుండ్రి."

మనవరాలు మెల్లగా, "డాడీ, ల్యాబ్ అయ్యేసరికే ఆరయితది. మరి లైబ్రరీకి ఎప్పుడు పోవాలె?" అంది. "గవన్నీ తర్వాత చూద్దాం" అని వాడు అడ్వాన్స్ ఇవ్వడానికి జేబులో చెయ్యి పెట్టాడు.

ఇక నావల్ల కాలేదు. "కొడుకా, లోపల ఫ్యాన్ మంచిగ తిరుగుతున్నదో లేదో జర చూసి రా" అన్నాను. పాపం, పోయాడు. నేను తలుపు లాగి గొళ్ళెం పెట్టి, దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

మొదట మెల్లగా కొట్టాడు. తర్వాత దబదబా బాదాడు. "అమ్మా, ఏందిది? తలుపు తియ్యి! ఉడుకపోస్తాంది!"

"ఏమైంది బిడ్డా? భద్రంగనే ఉన్నవు గద. ఎవని కండ్లూ పడయి."

ఆ నడిపే ఆమె పరుగెత్తుకొచ్చి, "గిదేం పని అవ్వా" అని నన్ను గద్దించింది. "నువ్వు దినాం పెట్టే గొళ్ళెమే గద చెల్లె, నేను పెడితే తప్పయిందా?" అన్నాను. నా మనవరాలు చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది.

నేను గొళ్ళెం తీసేసరికి వాడు చెమటతో తడిసి బయటికొచ్చాడు. పదిమందిలో పరువు తీశావని నా మీద ఎగిరాడు. నేనూ తగ్గలేదు. "గింతసేపు ఉండలేకపోయినవు. పిల్లను రెండేండ్లు గిండ్ల పెడ్తనంటివి. ఉండేది అది గద, దాన్ని ఒక్క మాటన్న అడిగినవా?" నా గొంతు ఆ వాకిలంతా వినబడింది. గదుల్లోంచి ఇద్దరు ముగ్గురు పిల్లలు తొంగి చూశారు.

వాడు జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఆ తర్వాత బిడ్డ వైపు తిరిగి, "నువ్వు చెప్పు, నీకు యాడ మంచిగనిపిస్తది?" అన్నాడు.

"యూనివర్సిటీ హాస్టల్ల డాడీ. గదికి నలుగురం ఉంటం. లైబ్రరీ పక్కనే. సీటు వచ్చిన దినమే సీనియర్ అక్కతోని పోయి చూసొచ్చిన."

"మరి గిన్ని దినాలు చెప్పవైతివి?"

"మీరు అడుగుతరేమోనని చూసిన."

వాడు బయటికి నడిచి ఆటో పిలిచాడు. ఆటోను యూనివర్సిటీ వైపు పోనిమ్మన్నాడు. దారంతా బిడ్డ పక్కనే కూర్చుని, మంచాలెట్లున్నాయి, నీళ్ళెట్లొస్తాయి అని దాన్నే అడుగుతూ వచ్చాడు. నా మనవరాలు ఇప్పుడు అక్కడే ఉండి చదువుకుంటోంది.

తప్పు తెలుసుకున్నాడు గదా, ఇంకా కోపమెందుకు అంటుంది నా కోడలు. నిజమే, కొడుకు మీద కోపం ఆ ఆటోలోనే పోయింది. కానీ తలుపు మూస్తే తప్ప అర్థం కాని సంగతా అది? ఆ గదుల్లోంచి తొంగి చూసిన పిల్లల మొహాలు నాకు గుర్తొస్తూనే ఉన్నాయి. వాళ్ళకోసం బయట కుర్చీ వేసుకుని ఎవరు కూర్చోవాలి? ఈ వయసులో కోపం తగ్గించుకోమని, బీపీకి మంచిది కాదని డాక్టరు వెళ్ళినప్పుడల్లా చెబుతాడు. ఉప్పు తగ్గించాను, చక్కెర తగ్గించాను. మా తాతయ్య ఇచ్చిపోయిన ఈ ఒక్క కోపాన్ని మాత్రం నేను తగ్గించుకోను.